రెండు పోనీలేలు, ఒక వచ్చావా

ఫిబ్రవరి 6

వదినా,

ఉత్తరం చూసి ఎవరికో ఏదో అయిందని గాభరాపడకు. ఇక్కడ అందరం కులాసా. అందరం అంటే నేనూ నా కళ్లద్దాలూ. ప్రెస్సులో పొద్దస్తమానం అచ్చుతప్పులు దిద్ది దిద్ది కళ్లు కాయలు కాచాయి అని రాద్దామనుకున్నాను కానీ, ఆ మాట ఎదురుచూపులకే వాడాలని మా సంపాదకుడు గారు కొట్టేస్తారు.

పనేమిటంటే, మా ప్రెస్సు ఒక చిన్న పుస్తకం వేస్తోంది. మిఠాయిలకీ పానీయాలకీ ఆ పేర్లు ఎలా వచ్చాయో చెప్పే పుస్తకం. రాణిగారు అలిగితే పుట్టిన మిఠాయి, దారి తప్పిన వంటవాడు కలిపిన షర్బతు, ఇలాంటివి ఎక్కడెక్కడివో ఏరుకొచ్చారు. సగం కట్టుకథలేనని చదువుతుంటేనే తెలిసిపోతుంది. ప్రతి మిఠాయి వెనకా ఒక రాజుగారుంటారు, ఆయనకి ఎప్పుడూ ఆకలే. మొన్న టీ తాగుతూ నోరు ఊరుకోక, మా పుట్టింటి కొట్లో పేర్ల ముందు ఇవెంతండీ అనేశాను. ఏమిటమ్మా ఆ పేర్లు అన్నారాయన. ఆగు, పోనీలే, నీకెందుకు, వచ్చావా అని చెప్పాను. ఆయన పెన్ను కింద పెట్టి, నాలుగు పేజీలు నీవి అన్నారు.

నాన్న పెట్టిన పద్ధతి ఆయనకి వివరంగా చెప్పాను. కొట్లో కొత్తది ఏది చేసినా, దాన్ని మొదట నోట్లో పెట్టుకున్న మనిషి ఏ మాట మొదట అంటే అదే దాని పేరు. మంచి మాటైనా పనికిమాలిన మాటైనా మార్చడానికి వీల్లేదు. "మనం పెడితే గొప్పలకి పోతాం, దాని పేరు దాన్నే తెచ్చుకోనివ్వండి" అనేవాడు కదా నాన్న. సంపాదకుడు గారు ఇది కూడా రాజుగారి కథలాగే ఉందన్నారు. అందుకని ఒక్కో పేరు ఎవరి నోట ఎలా వచ్చిందో నీకు తెలిసినట్టు రాసి పంపు. అమ్మా నాన్నా లేరు కాబట్టి ఇక నువ్వే దిక్కు.

ఫోన్ చేయొచ్చు కదా అంటావు. కొట్టు ఫోను పొయ్యి పక్కనే ఉంటుంది. నువ్వు ఒక్క ముక్క చెప్పేలోగా అన్నయ్య వెనకనుంచి నాలుగు ముక్కలు దిద్దుతాడు. దిద్దడం మా ఇంట్లో నా ఒక్కదానికే చాలు.

ఉంటాను మరి. జవాబు కోసం కళ్లు కాయలు కాచేలా (ఇక్కడ వాడొచ్చు) చూస్తుండే,
నీ ఆడపడుచు

*

ఫిబ్రవరి 15

మరదలా,

నీ ఉత్తరం పోస్ట్‌మ్యాన్ కొట్లోనే ఇచ్చాడు. మీ అన్నయ్య కవరు మీద నీ రాత చూసి, "దానికేం కావాలట" అన్నారు. "పాత కబుర్లు కావాలట" అన్నాను. కవరు నా చేతికిచ్చి పొయ్యి దగ్గరికి వెళ్లిపోయారు. పూర్వమైతే కవరు చింపి ముందు తనే చదివేవారు.

నాకు కుట్టుమిషను ముందు చెయ్యి నడిచినట్టు కాగితం మీద నడవదు. తప్పులుంటే దిద్దుకో, నీకు జీతమిచ్చేది అందుకే కదా.

ఆగు సంగతి ముందు చెబుతాను. అల్లం, నిమ్మరసం, తేనె కలిపి మామయ్య గారు మొదటి గ్లాసు అత్తయ్య గారికి ఇచ్చారట. ఆవిడ ఒక గుక్క తాగిందో లేదో, బయట ఎవరో షట్టరు దబదబా బాదారట. గొంతు మండుతూనే "ఆగు" అని ఆవిడ ఒక్క కేక వేశారు. పేరు పడిపోయింది. దీనితో నేను పడే బాధ నీకేం తెలుసు. కొత్తవాళ్లెవరైనా వచ్చి తాగడానికేముందమ్మా అంటే, ఆగు అంటాను. పాపం ఆగుతారు. ఎంతసేపటికీ నేనేమీ ఇవ్వను, వాళ్లేమీ అడగరు.

పోనీలే ఎలా వచ్చిందంటే, ఒకసారి పాకం ముదిరిపోయి మిఠాయి ముక్క కట్టలేదు. పళ్లెమంతా పొడిపొడిగా రాలిపోయింది. మామయ్య గారు చిటికెడు నోట్లో వేసుకుని, అత్తయ్య గారి మొహం చూసి, "పోనీలే" అన్నారట. ఇవాళ్టికీ అన్నిటికంటే ఎక్కువ అమ్ముడయ్యేది అదే. పాకం కావాలని ముదరబెట్టి చేస్తున్నాం.

నీకెందుకు నీ పుణ్యమే. కొబ్బరీ పాలూ కలిపి దగ్గరగా ఉడికించిన బిళ్ల నీ నోట్లో పెట్టి అందరూ నీ చుట్టూ చేరితే, మీ అన్నయ్య ఆత్రం ఆపుకోలేక "ఎలా ఉందే" అన్నారట. నువ్వు బుగ్గలు ఉబ్బించుకుని "నీకెందుకు" అన్నావట. దీనివల్ల ఒకాయన అలిగి వెళ్లిపోయాడు. ఇదేం మిఠాయి అని మర్యాదగా అడిగినవాడికి నేనేం చెప్పను మరి. సాయంత్రం వాళ్లావిడ వచ్చి కొనుక్కెళ్లింది.

ఇక వచ్చావా. ఇది రాయాలంటే ఈ వయసులో కూడా నాకు సిగ్గుగానే ఉంది. అప్పటికి నేను మీ ఇంటి కోడల్ని కాను. మీ కొట్టు పక్కనే టైలరమ్మ దగ్గర పని నేర్చుకుంటున్నాను. గుండీలకో దారానికో పంపినప్పుడల్లా మీ కొట్టు ముందు నుంచే వెళ్లేదాన్ని. వేరే దారి ఉంది, దాని గురించి ఇప్పుడెందుకు. ఆ రోజు మామయ్య గారు మీగడ పొరలు పొరలుగా పేర్చి, మధ్యలో తేనె రాసి కొత్తది చేశారు. మొదటి ముక్క మీ అన్నయ్యకిచ్చారు. ఆయన నోట్లో పెట్టుకుని తలెత్తేసరికి గుమ్మంలో నేను. "వచ్చావా" అన్నారు. అంతే. అదే పేరైంది. ఇది మాత్రం పుస్తకంలో ఎలా రాస్తావో చూసి రాయి.

ఇంకొక సంగతి ఉంది, ఇది పుస్తకం కోసం కాదు. మీ అన్నయ్య ఈమధ్య నా వంటకి వంక పెట్టడం లేదు. ఉప్పు తక్కువ, కారం ఎక్కువ, వంకాయ ముదురు, ఏదో ఒకటి అనకుండా ఆయన చెయ్యి కడుక్కోవడం నేనెప్పుడూ చూడలేదు. ఇప్పుడు వడ్డించింది వడ్డించినట్టు తిని లేచిపోతున్నారు. మొదట్లో బాగానే ఉందనుకున్నాను. ఇప్పుడు భయమేస్తోంది. నేనేం పెట్టినా ఒకటేనన్నట్టు తింటున్నారు.

కొట్లో ఎవరో పిలుస్తున్నారు. రెండు పోనీలేలు, ఒక వచ్చావా అట.

ప్రేమతో,
మీ వదిన

*

ఫిబ్రవరి 26

వదినా, వదినా,

నీ ఉత్తరం మా గదిలో అందరూ వంతులేసుకుని చదివారు. చివరి పేరా మడిచి ఇచ్చానులే. సంపాదకుడు గారు ఆ కొబ్బరి బిళ్ల పేరేమిటమ్మా అని నన్నే మళ్లీ అడిగారు. ఆయనకి నీకెందుకు అని చెప్పలేక, నీకెందుకండీ అన్నాను. ఎలా చెప్పినా మర్యాదగా రావడం లేదు. ఆ మాట నేనన్నానంటే మాత్రం ఒప్పుకోను. అన్నయ్యే అని నామీదికి తోసి ఉంటాడు, చిన్నప్పటినుంచీ ఆయనకది అలవాటే.

వచ్చావా గురించి ఒకటి చెప్పాలి. అచ్చుకి వెళ్లేది కాబట్టి ఉన్నది ఉన్నట్టు ఉండాలి కదా. ఆ రోజు నేను కొట్లోనే, డబ్బాల వెనక కూర్చుని బడి లెక్కలు చేసుకుంటున్నాను. గుమ్మంలో నువ్వొక్కదానివే లేవు వదినా. నీ పక్కనే పొయ్యిల మెకానిక్ నిలబడ్డాడు. పెద్ద పొయ్యి పాడైపోయి, ఇవాళ రేపు అని మమ్మల్ని తిప్పుతున్న మనిషి ఎట్టకేలకు సంచీ భుజాన వేసుకుని వచ్చాడు. అన్నయ్య "వచ్చావా" అన్నది ఆ మెకానిక్‌ని చూసి. నాకు బాగా గుర్తు. నాన్న వెంటనే ఆయన్ని లోపలికి తీసుకెళ్లాడు కూడా. నీ కథే ఎక్కువ బాగుంది, ఒప్పుకుంటాను, కానీ ఏం చేయను, నా ఉద్యోగం అలాంటిది.

అన్నయ్య వంక పెట్టడం లేదని బెంగ దేనికి. పెద్దవాడయ్యాడు, నోరు కట్టుకోవడం వచ్చింది. హాయిగా ఉండక. మా గదిలో ఆడవాళ్లందరూ అలాంటి మనిషి ఎక్కడ దొరుకుతాడని అడిగారు. (మడిచిన పేరా ఎవరో విప్పారు, క్షమించు.)

చివరి పేజీకి సంపాదకుడు గారు ఒక కోరిక కోరారు. ఇన్ని పాత కథల మధ్య ఒక్క పేరైనా ఇప్పుడు పుట్టింది ఉండాలట. అన్నయ్య చేత కొత్తది ఏదైనా చేయించు. మొదటి గుక్క నువ్వే తాగు. నీ నోట ఏం వస్తుందో నాకు వెంటనే రాయి.

ఇట్లు,
లెక్కలు చేసుకుంటూ అన్నీ చూసిన మరదలు

*

మార్చి 12

ఆడపడుచు గారికి,

మీ ఉత్తరం అందినది. మెకానిక్ గారి సంగతి తెలియజేసినందుకు సంతోషం. ఇన్నేళ్లూ ఆ మిఠాయిని గాజు అలమారులో పై అరలో నేనే సర్దుతూ వచ్చాను. నిన్న కింది అరలోకి మార్చాను. కొనేవాళ్లు వంగి చూసుకుంటున్నారు.

మీ అన్నయ్యని కూడా అడిగాను. ఆ రోజు వచ్చావా అని ఎవరిని చూసి అన్నారు అంటే, "గుర్తులేదు" అన్నారు. తలెత్తనైనా లేదు.

ఈ మీరు మీరు అని రాయడం నావల్ల కావడం లేదు, చెయ్యి నొప్పి పుడుతోంది. నామీద కోపం తెచ్చుకోకు. అసలు నేను రాయాల్సింది వేరే ఉంది.

నువ్వడిగావని కొత్త పానీయం చేయమన్నాను. ఇప్పుడెందుకులే అన్నారు, తర్వాత చూద్దామన్నారు. మరదలు అడిగిందండీ అని పట్టుబడితే చివరికి చేశారు. బాదం నూరి, పాలల్లో కలిపి, చల్లార్చి, గ్లాసులో పోసి నా చేతికిచ్చారు. ఇచ్చి, పొయ్యి గట్టు పట్టుకుని నా మొహంలోకి చూస్తూ నిలబడ్డారు. పెళ్లయిన కొత్తలో కూడా ఆయన నన్ను అంత పట్టిపట్టి చూడలేదు. నేను ఒక గుక్క తాగాను. పాలు పుల్లబడి విరిగిపోయి ఉన్నాయి. "ఏమైంది మీకు" అనేశాను. ఆ మాట ఎలా వచ్చిందో నాకే తెలియదు. ఆయన గ్లాసు నా చేతిలోంచి తీసుకుని తొట్టిలో పారబోసి, భుజం మీది తువ్వాలు గట్టు మీద పెట్టి, వెనక మెట్ల మీదికి వెళ్లి కూర్చున్నారు. చీకటిపడేదాకా లోపలికి రాలేదు. ఒక చెడిపోయిన గ్లాసుకి నేను అంత మాట అనకూడదని సర్దిచెప్పబోతే, "నువ్వన్నదాంట్లో తప్పేం లేదు" అన్నారు.

మర్నాడు ఎదురు హోటలాయన వచ్చారు. ఇద్దరూ బయట నిలబడి మాట్లాడుకుంటున్నారు. నేను గాజు తుడిచే నెపంతో దగ్గరికి వెళ్లాను. "కొట్టు మీరు తీసుకుంటానంటే నాకేం అభ్యంతరం లేదు" అంటున్నారు మీ అన్నయ్య. ఆ కొట్టు ఆయన ప్రాణం. నన్ను ఒక్క మాటైనా అడగలేదు.

నేను పెట్టింది తింటే చాలన్నట్టు తినే మనిషి, వచ్చావా గుర్తులేదనే మనిషి, ఇప్పుడు కొట్టు కూడా వదిలేస్తే ఇక మా ఇద్దరి మధ్యా మాట్లాడుకోవడానికి ఏముంటుంది చెప్పు. ఆయనకి నామీద మనసు విరిగిపోయింది. ఎందుకో మాత్రం తెలియడం లేదు. ఇది రాయకూడదనే కూర్చున్నాను, రాసేశాను.

నీ వదిన

*

మార్చి 17

వదినా,

నీ ఉత్తరం చదివి ప్రెస్సులో ఒక పూట సెలవు పెట్టాను. కూర్చుని నిదానంగా రాస్తున్నాను, నువ్వూ నిదానంగా చదువు.

మొదటిది. వచ్చావాని మళ్లీ పై అరలో పెట్టు. పొరపాటు నాది, అదీ నా వృత్తిలోనే పొరపాటు. ఆ మెకానిక్ నాన్నకంటే పెద్దవాడు. జుట్టంతా తెల్లగా ఉండేది, నాన్నే ఆయన్ని మీరు అనేవాడు. అన్నయ్య తన ఈడు వాళ్లని కూడా మీరనే రకం. అలాంటిది ఆ పెద్దాయన్ని పట్టుకుని వచ్చావా అంటాడా. ఆయన్ని చూసి అని ఉంటే ఆ మిఠాయి పేరు వచ్చారా అయ్యేది. గుమ్మంలో ఉన్నది మీ ఇద్దరే, మూడో మనిషి లేదు. మరి ఆ వచ్చావా అన్నది ఎవరినో వేరే చెప్పాలా. రోజంతా ఒత్తులూ దీర్ఘాలూ వెతికే నాకు ఈ ఒక్క అక్షరం ఇన్నేళ్లూ కనబడలేదు. అయినా వదినా, పెళ్లిమాటలు కూడా మొదలవకముందే మీరిద్దరూ నువ్వు దాకా వచ్చేశారన్నమాట. మా ఇంట్లో ఒక్కరికి కూడా తెలియదు. గుండీలు బాగానే కొన్నావు.

రెండోది, ఇది అసలు సంగతి. వీధి మలుపులో పాలబండి ఉండగానే, ఈ పూట పాలలో ఏదో తేడా ఉంది, దింపించకండి అనే మనిషి మా అన్నయ్య. చిన్నప్పుడు నేను దొంగతనంగా ఏ డబ్బా మూత తీశానో ముందు గదిలోంచే చెప్పేవాడు, ఆ ముక్కు వల్ల నేను తిన్న దెబ్బలు నీకు తెలియవు. అలాంటివాడు పుల్లబడ్డ పాలు నీ చేతికి ఎలా ఇస్తాడు. కోపముంటే అసలు చేయడు, అంతేకానీ చెడ్డది చేసి ఇవ్వడు. పైగా ఇచ్చి నీ మొహం ఎందుకు చూశాడు. అది బాగుందో లేదో తెలుసుకోవడానికి ఆయనకి వేరే దారి లేకపోతేనే కదా అలా చూస్తాడు.

చలికాలంలో ఫోన్ చేసినప్పుడు ఆయన గొంతు పూడుకుపోయి ఉంది. జలుబు, మామూలే అన్నాడు. ఆ తర్వాతే కదా నీ వంటకి వంక పెట్టడం మానేసింది. విరిగింది మనసు కాదు వదినా, పాలు. ఆ సంగతి ఆయనకి తెలియలేదు, అంతే. నువ్వు ముందు ఆయన ముక్కు సంగతి చూడు.

కంగారుగానూ ప్రేమగానూ,
నీ మరదలు

*

మార్చి 28

మరదలా,

నువ్వన్నదే నిజం.

నీ ఉత్తరం వచ్చిన రోజే, ఆయన పాకం కలుపుతుంటే వెనకాల నిలబడి వెనిగర్ సీసా మూత తీశాను. కదల్లేదు. ఉల్లిపాయ కోసి భుజం పక్కన పెట్టాను. నా కళ్లల్లో నీళ్లు కారుతున్నాయి, ఆయన మాత్రం బుడగలు చూసుకుంటూ గరిటె తిప్పుతున్నారు. సీసా ఇంకా ముందుకి జరిపితే అప్పుడు వెనక్కి తిరిగి, నా చేతిలో సీసా చూశారు. నా మొహం చూశారు. "తెలిసిపోయిందా" అన్నారు.

పొయ్యి ఆపేసి ఇద్దరం అక్కడే గట్టు పక్కన కూర్చున్నాం. ఆ జలుబు తగ్గాక ఒక పొద్దున కాఫీ వేడినీళ్లలా అనిపించిందట. రేపు వస్తుంది, ఎల్లుండి వస్తుంది అని చూశారట. ఉప్పనీ తీపనీ నాలుకకి తెలుస్తుంది కానీ, ఏ తీపో తెలియదట. ఇన్నాళ్లూ పాకాన్ని చప్పుడుని బట్టి, పాలని రంగుని బట్టి చేశారు. ఎలా కుదిరిందో తెలుసుకోవడానికి కొట్టుకొచ్చినవాళ్లు మొదటి ముక్క తిని ఏమంటారా అని చెవులు రిక్కించుకుని వినేవారట. పేర్లు పెట్టడానికి మామయ్య గారు పెట్టిన పద్ధతి మీద పాపం ఆయన బతుకు ఈడ్చుకొచ్చారు. పాలు తేవడం నేనే చూసుకుంటాను కాబట్టి ఇన్నాళ్లూ గడిచింది. ఆ రోజు మాత్రం ముందురోజు పాలగిన్నె తీసుకున్నారు, నూరిన బాదంలో విరిగిన తరకలు కనబడలేదట.

"నాకు చెప్పాలని అనిపించలేదా" అన్నాను. "మిఠాయిలు చేసేవాడికి ముక్కు పోయిందంటే ఎవరు కొంటారు. నీకు చెబితే నువ్వు జాలిపడతావు. జాలిపడ్డావంటే ఇక ఏది చేసి పెట్టినా బాగుందనే అంటావు. అప్పుడు నాకు నిజం చెప్పేవాళ్లు ఉండరు" అన్నారు. మరి నా వంటకి వంక పెట్టడం ఎందుకు మానేశారంటే, ఏమన్నారో తెలుసా. "రుచి తెలియకుండా వంక ఎలా పెట్టను. అబద్ధపు వంకలు పెట్టడం నాకు చేతకాదు" అన్నారు.

మరదలా, నేను అక్కడే కొంగు మొహానికి అడ్డం పెట్టుకుని ఏడ్చేశాను. ఆయన బెంబేలెత్తిపోయారు. దుఃఖం కాదండీ అని ఎంత చెప్పినా అర్థం కాలేదు. ఇన్ని నెలలూ నన్ను కాల్చుకు తిన్న అనుమానం చివరికి ఒక జలుబు అయితే ఏడుపు రాదా. నీ ఉత్తరంలో వచ్చారా ముక్క చదివి వినిపిస్తే అప్పుడు నవ్వారు. "అది అచ్చుతప్పులు దిద్దుతుందా, ఇది దిద్దడానికి ఇన్నేళ్లు పట్టిందా" అన్నారు. గుర్తులేదని ఎందుకన్నారంటే, ఆ పూట అసలు నేనేం అడిగానో వినలేదట.

ముక్కు డాక్టరుగారి దగ్గరికి తీసుకెళ్లాను. లోపల వాపు ఉందట, మందు రాసిచ్చారు. నిమ్మ, లవంగం, కాఫీ గింజలు రోజూ మూసిన కళ్లతో వాసన చూస్తూ ఉండాలట. రావచ్చు, రాకపోనూవచ్చు అన్నారు. ఆ రెండో మాటకి ఇంటికొచ్చేదాకా మీ అన్నయ్య మందు చీటీ మడతపెడుతూ విప్పుతూ ఉన్నారు. హోటలాయనకి మాత్రం వేసవి అయ్యేలోగా చెబుతానన్నారు. వాసన లేకుండా ఎన్నాళ్లని ఇలా గుడ్డిగా చేయడం, నావల్ల కాదు, కొనేవాళ్లని మోసం చేస్తున్నట్టుంది అంటున్నారు. ప్రస్తుతం పొయ్యి పక్కన నేనే నిలబడుతున్నాను. ఆయన చేతులు, నా ముక్కు. ఇదేం ఏలకులు, గడ్డి వాసన వస్తోంది అని నేను వంకలు పెడుతున్నాను. నిజం చెప్పొద్దూ, బాగానే ఉంది.

వచ్చావా పై అరలోనే ఉంది.

గుండె తేలికపడిన,
మీ వదిన

*

ఏప్రిల్ 20

వదినా,

ఈ ఉత్తరంతోపాటు పుస్తకం పంపుతున్నాను. నలభయ్యో పేజీ నుంచి మనవే. అన్నయ్య జలుబు సంగతి ఎక్కడా రాయలేదు, భయపడకు. అది మన ఇంటి సంగతి.

ఈ నాలుగు పేజీలు అచ్చయ్యేసరికి మాకు తల ప్రాణం తోకకొచ్చింది. పేజీ మొదట్లో పెద్ద అక్షరాల్లో ఆగు అని ఉంది కదా. అది చూసి కంపోజింగ్ చేసే ఆయన నిజంగానే ఆగిపోయాడు. ఒక రోజంతా వేరే పని చేసుకుంటూ కూర్చున్నాడు. పని ఎంతవరకూ వచ్చిందని సంపాదకుడు గారు కేకలేస్తే, ఆగమని మీరే కదండీ రాశారు అన్నాడు. ఆ తర్వాత పోనీలే అన్న చోట తప్పులు దిద్దకుండా వదిలేశాడు.

చివరి పేజీ గొడవ చివరిదాకా తేలలేదు. పద్ధతి ప్రకారం ఆ బాదంపాల పేరు ఏమైంది మీకు. సంపాదకుడు గారు అదే పెట్టమన్నారు. నేను వద్దన్నాను. పారబోసిన దానికి పేరుండదని గట్టిగా వాదించి, ఆ పేజీ ఖాళీగా వదిలించాను. అన్నయ్య ఎప్పుడు చేస్తే అప్పుడు చేస్తాడు. మళ్లీ అచ్చు వేసినప్పుడు చూసుకుంటాం.

ముక్కు కోసం ఆయన్ని రోజూ అడిగి విసిగించకు. అడగకుండా నువ్వుండలేవని తెలుసు, అందుకే రాస్తున్నాను. కొట్టు సంగతి ఆయనకే వదిలెయ్. ఇచ్చేసినా అది మన కొట్టే, ఇవ్వకపోయినా మన కొట్టే అని రాద్దామనుకున్నాను కానీ, వదినా, ఇచ్చేస్తే నాకు ఏడుపొస్తుంది. ఆ డబ్బాల వెనక కూర్చునే కదా నేను అక్షరాలు నేర్చుకుంది.

తొందరగా రాయి.
నీ మరదలు

*

మే 9

మరదలా,

పుస్తకం బాగుంది. టైలరమ్మకి కూడా చూపించాను. గుండీల సంగతి చదివి, అప్పుడే అనుకున్నానమ్మా, నా దగ్గర దారం అంత తొందరగా ఎందుకు అయిపోయేదో అంది. మీ అన్నయ్య నలభయ్యో పేజీ చదివారు, ఇంకోసారి చదివారు, తర్వాత పుస్తకాన్ని గాజు అలమారులో పోనీలే పళ్లేనికి ఆనించి నిలబెట్టారు. ఎవరైనా చూస్తారా అని కొట్టు ముందు ఒకటే తచ్చాడుతున్నారు.

ముక్కు అలాగే ఉంది. నేను అడగడం లేదు, నీ మీద ఒట్టు. పొద్దున్నే సీసాలు ముందు పెట్టుకుని కళ్లు మూసుకుని కూర్చుంటారు. నేను గుమ్మం చాటు నుంచి చూస్తాను. ఒక్కో సీసా మూత పెట్టేటప్పుడు ఆయన భుజాలు చూస్తేనే నాకు తెలిసిపోతుంది. నిన్న హోటలాయన మళ్లీ వచ్చి ఏమాలోచించారని అడిగారు. ఈ వారాంతానికి చెబుతానన్నారు. ఆయన అన్న తీరు చూస్తే ఇచ్చేసేలాగే ఉన్నారు. నేను కాదనలేదు. రాత్రి మాత్రం కొట్లో గాజు అలమారు తుడుస్తూ చాలాసేపు నిలబడ్డాను. ఆ మనిషిని పొయ్యి లేకుండా ఒక కుర్చీలో ఊహించుకోవడం నావల్ల కావడం లేదు.

నువ్వు అచ్చులో నన్ను కొంచెం ఎక్కువే పొగిడావు. మా వదిన చేతి వంట అని మొదలుపెట్టి నువ్వు రాసిన ఆ వాక్యం ఉంది చూడు, అది చదివి మీ అన్నయ్య

ఒక్క నిమిషం, కొట్లోంచి ఏదో కేకేస్తున్నారు. ఏదో మాడుతోందట. ఇక్కడ నేను ఉత్తరం రాసుకుంటుంటే ఆయన గోల ఒకటి. ఏమీ మాడడం లేదండీ, మీ పని మీరు చూసుకోండి అని చెప్పాను. ఏం రాస్తున్నాను, ఆ, వాక్యం. అది చదివి మీ అన్నయ్య

మరదలా, అక్షరాలు ఎలా వస్తున్నాయో చూసుకోవడం లేదు. మాడింది. చిక్కుడుకాయ కూర పొయ్యి మీద పెట్టి మర్చిపోయి నీకు ఉత్తరం రాస్తూ కూర్చున్నాను. వంటింట్లో, కూరకి అంత దగ్గరగా కూర్చున్న నాకు తెలియలేదు. ఆయనకి తెలిసింది. నడవ అవతల, కొట్లో, పాకం ముందు నిలబడ్డ మనిషికి తెలిసింది.

గరిటె చేత్తో పట్టుకునే పరిగెత్తుకొచ్చారు. ఇద్దరం ఆ మూకుడు వంక చూస్తూ నిలబడిపోయాం. పొగ వస్తోంది, ఎవరమూ పొయ్యి ఆపలేదు. ఆయన వంగి, మొహం దాదాపు మూకుట్లో పెట్టి, గట్టిగా పీల్చారు. దగ్గొచ్చింది. మళ్లీ పీల్చారు. "చిక్కుడుకాయ" అన్నారు. ఇంకోసారి పీల్చి, "వెల్లుల్లి వేశావు. ఎక్కువేశావు" అన్నారు. నేను అప్పుడు పొయ్యి ఆపాను.

హోటలాయనకి ఇందాకే కబురు చేరింది. ఈ కొట్టు ఎవరికీ ఇవ్వడం లేదని మీ అన్నయ్యే గుమ్మంలోకి వెళ్లి, వీధి అవతలికి వినబడేలా చెప్పారు. వస్తే కొంచెం కొంచెంగానే వస్తుందని డాక్టరుగారు అన్నారు, ఇంకా అన్ని వాసనలూ రాలేదు, నిమ్మ ఇంకా పట్టుబడలేదు. రాకపోతే పోనీ, ఇది చాలు, దీనితో మిగతాది నడిపిస్తానంటున్నారు.

వేరే వండుతానన్నా వినలేదు. ఇప్పుడు నా ఎదురుగా కూర్చుని ఆ మాడిన కూరే అన్నంలో కలుపుకుని తింటున్నారు. ముద్దకొక వంక. అడుగున మాడిందట, పైన ఉడకలేదట, ఇన్నేళ్లు వచ్చినా నాకు చిక్కుడుకాయ ఈనె తీయడం రాలేదట, ఇలాంటి కూర పెట్టి మనిషిని ఎలా బతకమంటావు అంటున్నారు. నేను కళ్లు తుడుచుకుంటూ నీకు రాస్తున్నాను. ఇంకా అనండి అన్నాను. అంటున్నారు.

మీ వదిన